నడుమ నిలిచిన సేన

రాయబారం అనగానే తెలుగువారికి ఉద్యోగపర్వం స్ఫురిస్తుంది. తిక్కనగారి పద్యాలలో చదువుకొన్నవారికీ, తిరుపతి వేంకటకవుల నాటకాన్ని తెల్లవార్లూ మేలుకొని చూచినవారికీ కూడా ఆ ఘట్టం సుపరిచితమే. వచ్చిన రాయబారి అసామాన్యుడు. అడిగినది స్వల్పం. సభలోని పెద్దలలో అధికులు ఆ మాటలోని న్యాయాన్ని గుర్తించినవారే. అయినా యుద్ధం ఆగలేదు. అందుకు కారణాలు అనేకం చెప్పవచ్చును గాని, ఒకటి మాత్రం సాధారణంగా మన దృష్టికి రాదు. ఒకవైపున ఏడు, మరియొకవైపున పదకొండు అక్షౌహిణులు సమకూడుతూ ఉండగా, ఆ రెంటి నడుమ ఏ పక్షానికీ చెందక నిలువగల మూడవ సేన ఆనాటి రాజనీతిలో లేదు. తటస్థుడైన బలరాముడు చేయగలిగినదల్లా తీర్థయాత్రకు వెళ్లిపోవడమే.

యుద్ధం గెలవడానికి గాక, యుద్ధాన్ని ఆపి ఉంచడానికి సైనికుణ్ణి పంపవచ్చుననే భావం మానవచరిత్రలో మిక్కిలి క్రొత్తది. 1948లో పాలస్తీనాకూ, 1949లో కాశ్మీరుకూ ఐక్యరాజ్యసమితి పరిశీలకులను పంపిన మాట నిజమే. కాని వారు ఆయుధం లేని సాక్షులు, సేన కాదు. సేన అనదగినది 1956 నవంబరు మొదటి వారంలో, కేవలం నాలుగైదు దినాలలో రూపుదిద్దుకొన్నది. ప్రపంచం మారిపోయినది కనుక దౌత్యాన్నీ, శాంతిపరిరక్షణనూ సంస్కరించవలెనని నేడు అన్ని దిక్కులనుండి వినవస్తున్నది. ఆ సంస్కరణ ఎటువంటిదై ఉండవలెనో తెలుసుకోవడానికి, ఆ మొదటి సేన కథను కొంచెం తీరికగా చెప్పుకోవడం అవసరం.

సమితి చార్టరును తిరగవేస్తే శాంతిపరిరక్షక దళమనే మాటే కానరాదు. 1945లో దానిని రచించినవారి ఊహ వేరు. సభ్యదేశాలన్నీ కొంత సైన్యాన్ని ముందుగానే భద్రతామండలి అధీనంలో ఉంచుతాయనీ, దురాక్రమణ జరిగిన చోటికి మండలి ఆ సైన్యాన్ని నడిపిస్తుందనీ వారు 43వ అధికరణంలో వ్రాసుకొన్నారు. అందుకు కావలసిన ఒడంబడిక ఒక్క దేశంతోనైనా నేటివరకు కుదరలేదు. అగ్రరాజ్యాల నడుమ ప్రచ్ఛన్నయుద్ధం మొదలుకావడంతో ఆ అధికరణం కాగితంపైననే మిగిలిపోయింది. ఆ శూన్యాన్ని పూరించినది శాస్త్రం కాదు, అవసరం.

1956 జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువ కంపెనీని జాతీయం చేశాడు. అక్టోబరు 29న ఇజ్రాయిల్ సేనలు సినాయి ద్వీపకల్పంలో ప్రవేశించాయి. మరునాడు బ్రిటన్, ఫ్రాన్సులు ఉభయపక్షాలకూ తుది హెచ్చరిక ఇచ్చి, ఆ వెంటనే తామే ఈజిప్టుపై దాడికి దిగాయి. విషయం భద్రతామండలికి వచ్చింది. శాంతిని కాపాడే బాధ్యతను నెత్తిన వేసుకొన్న ఐదు శాశ్వత సభ్యదేశాలలో రెండు స్వయంగా యుద్ధరంగంలో ఉన్నాయి! అవి తమ వీటో అధికారాన్ని ప్రయోగించగానే మండలి చేతులు కట్టుబడిపోయాయి.

అప్పుడొక ప్రక్కదారి అక్కరకు వచ్చింది. కొరియా యుద్ధకాలంలో, 1950 నవంబరులో, సర్వప్రతినిధి సభ ఒక తీర్మానం చేసి ఉన్నది. వీటోవల్ల మండలి స్తంభించిపోతే సభ అత్యవసరంగా సమావేశమై సిఫారసులు చేయవచ్చునన్నదే దాని సారాంశం. ఆ ప్రకారం సభ సమావేశమైంది. కెనడా విదేశాంగమంత్రి లెస్టర్ పియర్సన్ ఒక ప్రశ్న వేశాడు: కాల్పులు ఆపుమంటే సరిపోతుందా? ఆగిన తరువాత ఆ చోట ఎవరు నిలబడతారు? నవంబరు 4న సభ ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్‌కు 48 గంటల గడువు ఇచ్చి, ఒక అంతర్జాతీయ సేనకు పథకం తయారుచేయుమన్నది. అనుకూలంగా 57 ఓట్లు. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. 19 దేశాలు తటస్థంగా ఉన్నాయి. ఓటింగులో తటస్థత కూడ ఒక్కొక్కప్పుడు గొప్ప ఉపకారం చేస్తుంది.

హామర్‌షోల్డ్ వ్రాసిన నియమాలు నేటికీ పునాదిగా ఉన్నవి. ఎవరి గడ్డపై నిలుస్తారో ఆ దేశపు అంగీకారం ఉండవలె. సేన ఏ పక్షమూ వహించరాదు. ఆత్మరక్షణకు తప్ప ఆయుధం ఎత్తరాదు. శాశ్వత సభ్యదేశాల సైనికులు అందులో ఉండరాదు. ఈ చివరి నియమం రెండు దేశాలకు కంటగింపుగా ఉండి ఉంటుందని వేరుగా చెప్పనక్కరలేదు.

నియమాలు వ్రాయడం ఒక ఎత్తు. మనుషులను దింపడం మరియొక ఎత్తు. ఆంగ్ల సైనికులూ, కెనడా సైనికులూ దాదాపు ఒకే విధమైన దుస్తులు ధరించేవారు. కెనడా పంపదలచిన పటాలం పేరులోనే 'రాణిగారి' అనే విశేషణం ఉన్నది. బ్రిటిషు బాంబులు తిన్న ఈజిప్టు ప్రజలకు ఈ భేదం ఎవరు బోధించగలరు? ఈజిప్టు అభ్యంతరం చెప్పింది. కెనడా ఆ పటాలాన్ని మాని సరఫరా, రవాణా సిబ్బందిని పంపింది. సేన అంతటినీ దూరమునుండే గుర్తించడానికి సమితి నీలవర్ణపు టోపీలు కావలసివచ్చాయి. కుట్టించడానికి వారాలు పడుతుంది. కనుక అమెరికా సైన్యపు ప్లాస్టిక్ శిరస్త్రాణాలను యూరపులో సంపాదించి వాటిపై నీలపు రంగు చల్లించారు. నేడు ప్రపంచమంతా గుర్తించే ఆ నీలి శిరస్త్రాణం ఈ విధంగా తొందరలో పుట్టిన వస్తువు.

నవంబరు 15న మొదటి జట్లు ఈజిప్టులో దిగాయి. భారతదేశం, బ్రెజిల్, యుగోస్లావియా, కొలంబియా, ఇండొనీషియా, స్కాండినేవియా దేశాలు, ఫిన్లండు, కెనడా, మొత్తం పది దేశాలవారు, ఆరువేలమంది. ఆ సంవత్సరం డిసెంబరులో బ్రిటన్, ఫ్రాన్సులూ, 1957 మార్చిలో ఇజ్రాయిలూ వెనుకకు తగ్గాయి. గాజాలోనూ, సినాయి సరిహద్దు వెంబడినీ, షర్మ్-ఎల్-షేఖ్ వద్దనూ ఈ సేన కావలి కాసింది. 1959 చివర మొదలుకొని 1964 ఆరంభం వరకు దానికి అధిపతి మన దేశస్థుడైన జనరల్ జ్ఞానీ. పదేళ్లకు పైగా ఆ సరిహద్దు మొత్తంమీద ప్రశాంతంగా ఉన్నది. పియర్సన్‌కు 1957లో నోబెల్ శాంతి బహుమానం లభించింది. ఇక్కడితో కథ ఆపివేస్తే అది పాఠ్యపుస్తకానికి చక్కగా సరిపోతుంది.

1967 మే 16వ తేదీ రాత్రి గాజాలో ఉన్న అప్పటి సేనాధిపతి జనరల్ ఇందర్‌జిత్ రిఖీకి ఈజిప్టు సైన్యం నుండి ఒక లేఖ అందింది: సరిహద్దున ఉన్న మీ జట్లను ఉపసంహరించుకొనండి. 18న ఈజిప్టు ప్రభుత్వం ప్రధాన కార్యదర్శి ఊ థాంట్‌ను అధికారికంగా కోరింది. అంగీకారంతో వచ్చిన సేన అంగీకారం పోయిన తరువాత ఏ హక్కుతో నిలుస్తుంది? సరిహద్దుకు ఆవలివైపున, అనగా ఇజ్రాయిల్ భూమిపై, నిలువనిమ్మని ఊ థాంట్ అడిగి చూశాడు. ఇజ్రాయిల్ ఒప్పుకోలేదు, 1957లోనూ ఒప్పుకోలేదు. సేనలో ముఖ్యభాగాన్ని సమకూర్చిన భారత, యుగోస్లావియాలు ఆతిథ్యదేశం వద్దన్న తరువాత ఉండరాదనే అభిప్రాయపడ్డాయి. ఊ థాంట్ ఉపసంహరణకు ఉత్తరువు ఇచ్చాడు. మే 22న నాసర్ టిరాన్ జలసంధిని ఇజ్రాయిల్ నౌకలకు మూసివేస్తున్నట్లు ప్రకటించాడు. జూన్ 5న యుద్ధం ప్రారంభమైంది. అప్పటికి సేన పూర్తిగా తరలిపోలేదు. తిరుగు ప్రయాణానికి వేచి ఉన్న భారత సైనికులు గాజాలో ఆ కాల్పుల నడుమ చిక్కుకొన్నారు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. వారు ఎవరితోనూ యుద్ధం చేయడానికి వెళ్లినవారు కారు.

నాడు పాశ్చాత్య పత్రికలలో ఊ థాంట్‌పై నిందల వాన కురిసింది. తొందరపడ్డాడన్నారు, పిరికివాడన్నారు. ఆ నింద న్యాయమైనది కాదని నా అభిప్రాయం. మూడువేల పైచిలుకు సైనికులు, తేలిక ఆయుధాలతో, స్వాగతం చెప్పిన ప్రభుత్వాన్నే ఎదిరించి నిలువగలిగేవారా? అసలు అడుగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. ఆ సేన పదిన్నర సంవత్సరాల వ్యవధిని సంపాదించి పెట్టింది. ఆ వ్యవధిలో రాజనీతిజ్ఞులు చేసినదేమి? సరిహద్దుల విషయంలో గాని, శరణార్థుల విషయంలో గాని, జలమార్గాల విషయంలో గాని స్థిరమైన ఒప్పందం ఒక్కటీ కుదరలేదు. సరిహద్దు నిశ్శబ్దంగా ఉన్నది కనుక తొందరలేదనుకొన్నారు. కావలివాడు ఉన్నాడని ఇల్లు చక్కబెట్టుకోవడం మరచినట్లయింది. కావలి కాలాన్ని మాత్రమే కొనిపెట్టగలదు. ఆ కాలాన్ని వినియోగించవలసినది దౌత్యం.

ఇది ఊహాజనితమైన సిద్ధాంతం కాదనడానికి అదే ఇసుక నేలపై ఆరేళ్ల తరువాత నిదర్శనం దొరికింది. 1973 అక్టోబరులో మరల యుద్ధం వచ్చింది. అక్టోబరు 25న భద్రతామండలి రెండవ సేనను ఏర్పాటు చేసింది. ఈ మారు పాత అనుభవం పనికివచ్చింది. సేనకు గడువు విధించారు. గడువు తీరినప్పుడల్లా మండలి దానిని పొడిగించవలె. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి. కైరో నుండి సూయజ్ పోయే దారిలో 101వ కిలోమీటరు రాయి వద్ద, గుడారం వేసి, ఈజిప్టు, ఇజ్రాయిల్ సేనానులను ఎదురెదురుగా కూర్చుండబెట్టారు. సమితి తరఫున ఫిన్లండు దేశపు జనరల్ సీలస్వువో అక్కడ ఉన్నాడు. నవంబరు 11న ఆ గుడారంలోనే మొదటి ఒప్పందం కుదిరింది. 1974 జనవరిలో సేనల ఎడబాటు ఒప్పందం, 1975లో మరియొకటి, 1978లో కాంప్ డేవిడ్, 1979 మార్చి 26న శాంతి సంధి. ప్రతి మెట్టు మీద నీలి శిరస్త్రాణాలవారు కొంత దూరం జరిగి, ఖాళీ అయిన నేలపై నిలిచి, తరువాతి మెట్టుకు చోటు కల్పించారు. 1979 జూలైలో రెండవ సేన గడువు తీరి, దళం విడిపోయింది. ఈజిప్టు, ఇజ్రాయిల్‌ల నడుమ ఆ తరువాత యుద్ధం రాలేదు. ఆ సంధిలో పాలస్తీనావారి ప్రశ్న తేలలేదు, నిజమే. కాని సినాయి వరకు కావలీ, రాయబారమూ చేయి చేయి పట్టుకొని నడిచినందువల్లనే ఫలితం వచ్చింది.

చేయి విడిచిపోతే ఏమౌతుందో సైప్రస్ ద్వీపం చెబుతుంది. 1964 మార్చిలో అక్కడికి సమితి సేన వెళ్లింది. మొదటి అధిపతి మన జ్ఞానీయే. పిమ్మట జనరల్ తిమ్మయ్య. కొరియా యుద్ధఖైదీల సమస్యను చక్కబెట్టి పేరు గాంచిన ఆ తిమ్మయ్య 1965 డిసెంబరులో అక్కడే, ఉద్యోగంలో ఉండగానే, మరణించాడు. అరువది ఏళ్లు గడచినా ఆ సేన అక్కడనే ఉన్నది, ద్వీపం రెండు ముక్కలుగానే ఉన్నది. దీనిని వైఫల్యమందామా? రక్తపాతం ఆగింది కదా అని ఒకరు, పరిష్కారం కూడా ఆగింది కదా అని మరియొకరు అంటారు. ఇద్దరి మాటా నిజమే.

ఇంతవరకు చెప్పినది రెండు రాజ్యాల నడుమనో, రెండు జాతుల నడుమనో గీత ఉన్న చోటుల సంగతి. ప్రపంచం మారినదనే మాటకు అసలైన అర్థం ఆ గీత మాసిపోవడమే. 1960లో కాంగోకు వెళ్లిన సేనకే ఆ అనుభవం ఎదురైంది. అక్కడ పోరాటం దేశం లోపలిది. ఎవరి అంగీకారం తీసుకోవలెనో తెలియని స్థితి. దాదాపు ఇరువదివేలమందిని దింపవలసివచ్చింది. సంధి మాటలకై బయలుదేరిన హామర్‌షోల్డ్ 1961 సెప్టెంబరులో ఎన్‌డోలా సమీపంలో విమానం కూలి మరణించాడు. 1990 తరువాత ఇటువంటి అంతర్యుద్ధాలే శాంతిదళాలకు ప్రధానమైన పనిగా మారాయి. వాటిలో రెండు పేర్లను సమితి చరిత్ర ఎన్నటికీ తుడిచివేయలేదు.

1994 ఏప్రిల్‌లో రువాండాలో టుట్సీ ప్రజల సామూహిక సంహారం ప్రారంభమైంది. అప్పటికి అక్కడ సమితి సైనికులు సుమారు 2,500 మంది ఉన్నారు. పదిమంది బెల్జియం సైనికులు హతులైన పిమ్మట బెల్జియం తన దళాన్ని మరలించుకొన్నది. మండలి ఏప్రిల్ 21న సేనను పెంచలేదు. 270 మందికి తగ్గించవలెనని తీర్మానించింది. కొద్ది వారాలలో ఎనిమిది లక్షలమంది చనిపోయారని అంచనా. ఆ సంవత్సరం రువాండా ప్రభుత్వ ప్రతినిధి కూడ భద్రతామండలిలో సభ్యుడుగా కూర్చుండి ఉన్నాడంటే విద్యార్థులు నమ్మకపోవచ్చు. కాని అది నిజం. మరుసటి సంవత్సరం జూలైలో బోస్నియాలోని స్రెబ్రెనిచా పతనమైంది. మండలి స్వయంగా 'సురక్షిత ప్రాంతం'గా ప్రకటించిన పట్టణమది. అటువంటి ప్రాంతాలన్నిటినీ రక్షించడానికి 34,000 మంది కావలెనని సేనాధికారులు చెప్పగా, 7,600 మంది చాలునని మండలి నిర్ణయించింది. పట్టణం చేజిక్కిన తరువాత సుమారు ఎనిమిదివేలమంది పురుషులనూ, బాలురనూ చంపివేశారు. సురక్షితమని వ్రాసిన కాగితాన్ని నమ్మి అక్కడ చేరినవారు వారిలో ఎందరో.

ఈ రెండు ఘోరాల అనంతరం అల్జీరియాకు చెందిన లఖ్దార్ బ్రహిమీ అధ్యక్షతన ఒక సంఘం 2000 సంవత్సరంలో నివేదిక ఇచ్చింది. సమితి నివేదికలు సాధారణంగా నిద్ర పుట్టిస్తాయి. ఇది అటువంటిది కాదు. కార్యాలయంవారు మండలికి రుచించే మాటలు గాక, మండలి వినవలసిన మాటలు చెప్పవలెనని అది స్పష్టంగా కోరింది. మరియొక సలహా మరింత పదునైనది: పెద్ద సేనను పంపే తీర్మానాన్ని, సైనికులను ఇస్తామని దేశాలు గట్టిగా మాట ఇచ్చేవరకు, ముసాయిదాగానే ఉంచవలె. అనగా మనుషులు దొరకకముందే మాట ఇవ్వవద్దని. ఇంత సులభమైన సంస్కరణకు చార్టరును మార్చనక్కరలేదు, ఒక్క అక్షరమైనా. అయినను అది ఆచారంగా స్థిరపడలేదు.

ఎందుకు స్థిరపడలేదో ఆలోచిస్తే అసలు లోపం బయటపడుతుంది. ఆదేశం వ్రాసే చేయి ఒకటి, ఎండలో నిలిచే తల మరియొకటి. నేడు సైనికులను అధికంగా పంపుతున్నవి నేపాల్, రువాండా, బంగ్లాదేశ్, భారత్ వంటి దేశాలు. మన దేశం నుండి ఇప్పటివరకు 2,90,000 మందికి పైగా వెళ్లారు. తిరిగి రానివారు దాదాపు 180 మంది. ఈ దేశాలలో ఏ ఒక్కదానికీ మండలిలో శాశ్వత స్థానం లేదు. ఏ సైనికుణ్ణి ఎక్కడ నిలుపవలె, ఎంతమందిని, ఏ ఆయుధంతో అనే నిర్ణయం ఇతరులది. చార్టరు 44వ అధికరణం చూడండి: బలప్రయోగానికి ఒక సభ్యదేశపు సైన్యాన్ని కోరేముందు, ఆ దేశం మండలిలో లేకపోతే, ఆ సైన్యం వినియోగానికి సంబంధించిన నిర్ణయాలలో పాల్గొనుమని దానిని పిలువవలెనని అక్కడ ఉన్నది. 43వ అధికరణం అమలు కానందున దీనికీ ప్రాణం రాలేదు. భారత ప్రతినిధులు ఈ అధికరణాన్ని పలుమారులు గుర్తుచేశారు. నా దృష్టిలో శాశ్వత స్థానం కోసం చేసే పోరాటంకన్న ముందుగా సాధించవలసినది ఇదే. పిలువడానికి ఓటు హక్కు ఇవ్వనక్కరలేదు, కుర్చీ వేస్తే చాలు.

మండలి విస్తరణ అసాధ్యమనే నిరాశ కూడా పూర్తిగా సమంజసం కాదు. 1963 డిసెంబరులో సభ్యసంఖ్యను 11 నుండి 15కు పెంచే తీర్మానం సభలో వచ్చినప్పుడు శాశ్వత సభ్యదేశాలలో ఫ్రాన్సు, సోవియట్ యూనియన్ వ్యతిరేకించాయి. అమెరికా, బ్రిటన్ తటస్థంగా ఉన్నాయి. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాలు ఏకమై నెగ్గించాయి. రెండేళ్లు తిరగకుండానే, 1965 ఆగస్టుకు, ఐదు శాశ్వత సభ్యదేశాలూ దానిని ధ్రువపరచక తప్పలేదు. అయితే ఆనాడు కోరినవి వీటో లేని స్థానాలు. వీటోను తాకే సవరణకు 108వ అధికరణం ప్రకారం వీటో ఉన్నవారి సమ్మతే కావలె. తాళంచెవి పెట్టెలోనే ఉన్నది. 2022 ఏప్రిల్‌లో సభ ఒక చిన్న రంధ్రం చేసింది. ఎవరైనా వీటో వేస్తే పది పనిదినాలలోగా సర్వప్రతినిధి సభ సమావేశమై చర్చించవలె. వీటో వేసినవారు లోకం ఎదుట కారణం చెప్పుకోవలసివస్తుంది. దానితో వీటో ఆగిపోలేదు. సిగ్గు అనేది రాజ్యాలకు కూడ ఉంటుందా అనేది వేరే ప్రశ్న.

ఈలోగా సేనలు తగ్గిపోతున్నాయి. మాలి ప్రభుత్వం వద్దన్నందున 2023 చివరికి అక్కడి దళం వెనుకకు వచ్చింది. 1967 నాటి ప్రశ్నే, ఆఫ్రికా ఎడారిలో. లెబనాన్‌లో 1978 నుండి ఉన్న దళానికి 2026 డిసెంబరు 31 చివరి గడువని 2025 ఆగస్టులో మండలి తీర్మానించింది. డబ్బు చిక్కు కూడా పాతదే. సూయజ్, కాంగో సేనల ఖర్చు తాము ఇవ్వమని నాడు సోవియట్ యూనియన్, ఫ్రాన్సు మొండికెత్తగా, అది సమితి ఖర్చేనని 1962లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పవలసివచ్చింది. 2025 అక్టోబరులో, సభ్యదేశాలనుండి రావలసిన ధనం రానందున, తొమ్మిది దళాలలోని సైనికులలో సుమారు నాలుగవ వంతును తగ్గించవలసి ఉన్నదని సమితి అధికారులు ప్రకటించారు.

ఇక మొదటి సేన నిలిచిన గాజా సంగతి. రెండేళ్ల ఘోరయుద్ధం తరువాత, 2025 నవంబరు 17న భద్రతామండలి అక్కడికి ఒక అంతర్జాతీయ స్థిరీకరణ దళాన్ని అనుమతించింది. 13 ఓట్లు అనుకూలం. రష్యా, చైనా తటస్థం. ఇది ప్రధాన కార్యదర్శి నడిపే నీలి శిరస్త్రాణాల సేన కాదు. అమెరికా అధ్యక్షుని పథకం ననుసరించి ఏర్పడే 'శాంతి మండలి' దానిని పర్యవేక్షిస్తుంది. ఆయుధాలు తొలగించే పని కూడ దానికి అప్పగించారు. 1956లో హామర్‌షోల్డ్ వ్రాసుకొన్న నియమాలను ప్రక్కన పెట్టుకొని ఈ తీర్మానాన్ని చదివితే ఏవి మిగిలినవో, ఏవి పోయినవో ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం గుర్తు పెట్టగలడు. ఎవరి అంగీకారంతో, ఎవరి ఆజ్ఞపై, ఎంతకాలం? మూడవ ప్రశ్నకు మాత్రం తీర్మానంలో స్పష్టమైన సమాధానం ఉన్నది: 2027 డిసెంబరు 31 వరకు.